నలభై ఇనుప మీసాలు

నా ఉద్యోగ జీవితంలో నేను వెలగబెట్టిన మొదటి ఘనకార్యం గురించి చెబుతాను. ఘనకార్యమంటే ఏ బహుమతో, ప్రమోషనో అనుకునేరు. అంత లేదు. నలభై ఉక్కు ముక్కలు, ఒక మీసం, రెండు తెలుగు అక్షరాలు కలిసి నన్ను నిలువునా ముంచిన కథ ఇది. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వాగదు. ఆ రోజు మాత్రం నేల చీలితే అందులోకి దూకేద్దామని షెడ్డంతా చూశాను. గట్టి కాంక్రీటు, చీలలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కంప్యూటర్లు ఇంకా వీపు లావుగా ఉండేవి. నేను మెకానికల్ ఇంజనీరింగ్ పాసై, జంషెడ్‌పూర్ శివార్లలో లారీలకు బ్రాకెట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డిజైన్ విభాగంలో చేరాను. ఆర్నెల్లు ప్రొబేషన్. ఆ తర్వాత మేనేజరుగారు కన్‌ఫర్మేషన్ కాగితం మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. ఇంట్లో మా నాన్న సిద్ధంగా ఉన్నారు. గోల్‌మురి క్వార్టర్సులో మా ముందుగది బల్ల మీద బ్యాంకు పరీక్షల పుస్తకాలు మోకాలెత్తు పేర్చి పెట్టారు.

"సుగుణా, ఆర్నెల్లు నీ సరదా తీర్చుకో. ఖాయం కాలేదో, మర్నాడు పొద్దున్నే మొదటి పుస్తకం తెరవాలి" అన్నారు.

నాకేమో బ్యాంకు అంటే ఒంటికి పడదు. కంప్యూటర్ తెర మీద గీత గీస్తే, మూడో రోజున అది ఉక్కు ముక్కగా మారి చేతికి వస్తుంది చూడండి, ఆ సంబరం ముందు నాకు ఇంకేదీ ఆనేది కాదు. ఆ ఉద్యోగం కావాలి నాకు. ఏడ్చైనా సాధించుకోవాలనుకున్నాను. చివరికి ఏడ్చాను కూడా.

మా మేనేజరు సూర్యనారాయణగారు. పలాస దగ్గర నుంచి కుర్రతనంలో వచ్చి, పెన్సిలు పట్టిన డ్రాఫ్ట్స్‌మన్‌గా మొదలై, మేనేజరైన మనిషి. కోపం తక్కువ, మీసం ఎక్కువ. ఆ మీసం గురించి మీకు చెప్పి తీరాలి. ముక్కు కింద దట్టంగా మొదలై, రెండు పక్కలా పాకి, చివర్లు ఆకాశంలోకి లేచి ఉండేది. గుమ్మంలోకి ముందు అది వచ్చేది, దాని వెనకాల ఆయన వచ్చేవారు.

ఇక అసలు సంగతి. అప్పటిదాకా మా డ్రాయింగులు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు దాచుకునేవాళ్ళం. ఒకే బ్రాకెట్టుకి "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్", "దీన్ని ముట్టుకోవద్దు ఫైనల్" అని నాలుగు ఫైళ్ళుండేవి. కింద షాపులో, అంటే వర్క్‌షాపులో, ఏది కోశారో భగవంతుడికే తెలియాలి. ఈ గోల పడలేక కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ కొంది. ఇకమీదట ఫైళ్ళన్నీ ఒకేచోట, ఒక ఖజానాలో ఉంటాయి. మార్చాలంటే లైబ్రరీ పుస్తకంలా మన పేరు మీద తీసుకోవాలి, పని చేసి తిరిగి పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ దానికి కొత్త అక్షరం వస్తుంది. మొదటిది ఏ రివిజన్, తర్వాత బి, సి, డి, అలాగన్నమాట. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ అందులో రాసి ఉంటాయి. పెద్దవాళ్ళు "రిలీజ్" నొక్కినదే షాపులో కోయాలి. షాపువాళ్ళు దీనికి తిజోరీ అని పేరు పెట్టేశారు.

నేర్పడానికి వచ్చినాయన వెళ్తూ వెళ్తూ, "ఏదో ఒక ఫైలు తీసుకుని బాగా ప్రాక్టీసు చేయండి" అన్నాడు. అదిగో, అక్కడ పుట్టింది ముసలం.

నా చేతిలో ఇంజను బ్రాకెట్టు ఒకటుంది. డి రివిజన్ కస్టమరు ఒప్పుకున్నాడు, రిలీజ్ అయింది. చూడ్డానికి అరచేతి కన్నా కాస్త వెడల్పైన గుండ్రటి పలక. పైన రెండు కన్నాలు, కింద బోల్టు అటూ ఇటూ జరగడానికి ఒక వంపు కోత. నిజం చెప్పండి, రెండు కన్నాలు, కింద ఒక వంపు, గుండ్రటి పలక. మీకేం గుర్తొస్తుంది? నాకు మొహం గుర్తొచ్చింది. మొహానికి మీసం లేదే అనిపించింది. ప్రాక్టీసు చేయమన్నారు కదా అని ఆ వంపు కోతను కాస్త లావు చేసి, చివర్లు పైకి లేపాను. పక్క కుర్చీలో సుష్మా తిర్కీ కూర్చునేది. తొంగి చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అరే, యే తో సాబ్ హై! మూఛ్ థోడా ఔర్ లంబా కర్!"

ఇంకాస్త పొడుగు చేశాను. సాక్షాత్తూ సూర్యనారాయణగారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తీరా ఫైలు తిరిగి ఖజానాలో పెట్టబోతే, "మార్పుకి కారణం?" అని అడిగింది. ఖాళీ వదిలితే ఒప్పుకోదు. "సార్ మీసం" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి లోపల పడేశాను. రిలీజ్ చేయలేదు కదా, ఎవరు చూస్తారు, తర్వాత తీసేద్దాంలే అనుకున్నాను. డి తర్వాత వచ్చే అక్షరం ఏమిటో మీరు చెప్పండి. ఈ! ఆ ఈయే నా కొంప ముంచింది.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే సూర్యనారాయణగారు సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గర ఆగారు.

"అమ్మాయ్, నేను కస్టమరు ఆఫీసుకెళ్తన్నాను. రేపు పదకొండు గంటలకి ఇన్‌స్పెక్టరుని తెత్తాను. ఇంజను బ్రాకెట్లు నలభై బల్ల మీదుండాల. నీ డ్రాయింగే గదా. ఇది సరిగ్గా అయిందనుకో, నీ కన్‌ఫర్మేషన్ కాయితం రేపే సంతకం ఎట్టెత్తాను."

"తప్పకుండా సార్" అన్నాను. డి రివిజన్ ప్రింటు తీసి, దేవుడి పటంలా ఎదురుగా పెట్టుకున్నాను.

అరగంటకి ఇంటర్‌కమ్ మోగింది. షాపు ఫోర్‌మన్ అప్పన్నగారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆయన అడగకుండా ఏ పనీ చేయడు. చేసినా రెండుసార్లు అడిగి చేస్తాడు. ఇంత జాగ్రత్తపరుడి చేతిలోనే నా పని అయిపోయింది.

"అమ్మా, బ్రాకెట్టు కోతకెడతన్నాం. ఏ రివిజనూ?"

 ఏ రివిజనా! ఏ అంటే మొట్టమొదటిది, కన్నాలు కూడా సరిగ్గా లేనిది!

"ఏ వద్దండీ బాబూ! ఏ ముట్టుకోకండి!"



"ఏదీ ముట్టుకోపోతే మాలెలాగ వత్తదమ్మా?"

"ఏదీ అనలేదండీ, ఏ అన్నాను."

"నేనూ అదే గదా అడగతన్నాను. ఏ?"

"ఏ కాదు!"

"మరి ఏ?"

"మళ్ళీ ఏ అంటారేంటండీ! ఏ రద్దయిపోయి ఎన్నాళ్ళయింది!"

చూశారా తమాషా! ఆయన తెలుగులో "ఏది" అని అడుగుతున్నాడు, నేను ఇంగ్లీషులో వింటున్నాను. డి అని ఒక్క అక్షరం నా నోటి నుంచి ఊడిపడితే కథ అక్కడితో సమాప్తం. ఊడిపడదే! ఇంజనీరింగు నాలుగేళ్ళు చదివిన బుర్ర అది. చేతిలో ఉన్న డి ప్రింటుని గాల్లో ఊపుతూ, ఆయనకి ఇంటర్‌కమ్‌లో కనిపిస్తుందన్నట్టుగా అరిచాను.

"ఈ రివిజనండీ! ఈ రివిజన్!"

"ఈ?"

"ఈ!"

"కాయమేనా? ఈయేనా?"

"ముమ్మాటికీ ఈయే!"

"ఠీక్ హై. అలా సెప్పు మరి." ఆయన తన కేబిన్లో కంప్యూటర్ మీట నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "ఉందమ్మా. గానీ దీనికి తాళం ఉన్నాది."

నా తెర మీద చూశాను. డి పక్కన తాళం బొమ్మ ఉంది. రిలీజ్ అయినవాటికి ఆకుపచ్చ తాళం, కానివాటికి ఎర్ర తాళం. ఏ రంగు అని అడగొచ్చుగా? అడగలేదు.

"తాళం ఉంటుందండీ. తాళం ఉంటేనే అసలుది."

"సారు పాస్‌వర్డు సీటీ ముక్క మీద రాసి నాకిచ్చెల్లినారు. తీసెయ్యనా?"

ప్రింటు తీయనా అంటున్నాడనుకున్నాను. "తీసేయండి, ఆలస్యమెందుకు?" అన్నాను.

ఆయన తాళం తీశాడు. మా సార్ పాస్‌వర్డుతోనే మా సార్ మొహం రిలీజ్ అయిపోయింది.

అంతటితో వదిలాడా? వదలడు కదా, జాగ్రత్తపరుడు.

"అమ్మా, కోత కాస్త వంపుగా ఉన్నట్టున్నాది?"

"అవునండీ, ఆ వంపే ముఖ్యం. కస్టమరు అడిగి మరీ పెట్టించుకున్నాడు."

"అడిగినాడా? సరే, పెద్దోళ్ళ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు. నేను తృప్తిగా టీ తాగాను. ఆ టీ రుచి ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తూనే ఉంటుంది.

మర్నాడు తొమ్మిది గంటలకి మినీ బస్సు దిగి షెడ్డులో అడుగుపెట్టాను. పనివాళ్ళు ఎందుకో ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నారు. వెల్డింగ్ చేసేవాడు నన్ను చూసి చప్పున తల తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అప్పన్నగారు ఎదురొచ్చారు.

"రామ్మా రా. నిన్న సాయంత్రమే నలభై అవగొట్టేసినాం. కొత్త డిజైను బాగున్నాది గానీ, ఆ ముకం ఎక్కడో సూసినట్టుందమ్మా."

బల్ల మీద చూశాను. నాలుగు వరసలు, వరసకి పది. నలభై మంది సూర్యనారాయణగార్లు మీసాలు మెలేసి నా వైపే చూస్తున్నారు. అంచులు సానబట్టి, నూనె రాసి పెట్టారేమో, నిగనిగలాడుతున్నారు కూడా. 

"ఇదేంటండీ! నేను డి చెప్పాను!"

"డీయా? ఈ అన్నావు గదమ్మా. మూడుసార్లు అడిగినాను."

"ఈ అంటే ఈ కాదండీ! ఈ అంటే ఇది!"

"నేనూ ఇదే గదా కొట్టినాను!"

ఆయన కళ్ళలోకి చూశాను. పాపం, ఆయన తప్పు ఇసుమంతైనా లేదు. అప్పుడు విషయం చెప్పాను. ఆయన ఒక ముక్క చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "అమ్మ నాయనో! సారు!" అని దాన్ని చప్పున తిరగేసి బల్ల మీద పెట్టాడు. తిరగేసినా అదే మొహం. ఇటు నుంచి అటు దాకా పోయిన కోత కదండీ.

"ఇప్పుడెలా అప్పన్నగారూ? నా ఉద్యోగం పోయినట్టే."

"ఏడవకు. ప్లేటున్నాది. డి ఎక్కించేత్తాను. మూడు గంటలు పడతాది."

"ఇన్‌స్పెక్టర్ వచ్చేది పదకొండుకే కదండీ!"

"వత్తే టీ ఇద్దాం, సమోసా ఇద్దాం. ఊరుకుంటామేటి?"

ఆయన మిషను దగ్గరికి పరిగెత్తాడు. నేను బల్ల మీద గోనెపట్టా కప్పేసి మేడ మీదకి పరిగెత్తాను. ఎందుకో తెలుసా? సాక్ష్యం చెరిపేయడానికి! ఆ వయసులో నా తెలివి అలా ఏడ్చింది. సార్‌కి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేస్తే సగం పరువైనా దక్కేది. నేను ఖజానా తెరిచి ఈ రివిజన్ తీసేయమన్నాను. రిలీజ్ అయినదాన్ని తీసేయడం కుదరదంది. సరే, మీసం ఒక్కటి చెరిపేద్దామని ఫైలు తీసుకుని, చెరిపి, తిరిగి పెట్టాను. కారణం అడిగింది. ఏదో ఒకటి కొట్టాను. పెట్టగానే అది ఎఫ్ రివిజన్ అయి కూర్చుంది, పక్కన ఈ చెక్కుచెదరకుండా అలాగే ఉంది.  మళ్ళీ ప్రయత్నించాను, జి వచ్చింది. ఇంకోసారి, హెచ్ వచ్చింది. దాచిపెడదామన్న కొద్దీ నా పేరు, టైము, నా కారణంతో సహా వరసగా అచ్చవుతోంది. పూర్వం కాగితమైతే చించి నోట్లో వేసుకునేదాన్ని.

కింద జీపు ఆగిన చప్పుడైంది. గడియారం చూస్తే పదింబావు. సార్ ఇన్‌స్పెక్టర్ని ముందే తెచ్చేశారు.

నేను మెట్లు దిగేసరికి వాళ్ళు బల్ల దగ్గరే ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ సిన్హాగారు సన్నగా, పొడుగ్గా, జన్మలో నవ్వి ఎరగనట్టుండే మనిషి. అప్పన్నగారు సమోసా పళ్ళెంతో ఆయనకి అడ్డం నిలబడ్డారు.

"పహలే నాష్తా, సాబ్!"

"పహలే మాల్" అని సిన్హాగారు గోనెపట్టా ఎత్తారు.

ఒక ముక్క తీసుకున్నారు. చూశారు. మా సార్ వైపు చూశారు. మళ్ళీ ముక్కని చూశారు. మళ్ళీ సార్‌ని చూశారు. మిషన్లన్నీ ఎప్పుడు ఆగాయో ఆగిపోయాయి.

"క్యా హువా, సిన్హాజీ? సైజు గడ్‌బడ్?" అన్నారు మా సార్.

సిన్హాగారు ఆ ముక్కని సార్ చెంప పక్కన పెట్టి, తల వంచి పోల్చి చూశారు. "అరే సూర్యనారాయణ్‌జీ, యే తో ఆప్ హైఁ!" అని, ఆ నవ్వెరగని మనిషి ఇక చూడండి, బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వారు. ఆయన మొదలెట్టాక షెడ్డంతా ఆగుతుందా? వెల్డింగు అతను నేల మీద కూర్చుండిపోయాడు.

సార్ ఒక్కరే నవ్వలేదు. ముక్కని అందుకున్నారు. చేయి దానంతటదే మీసం మీదకి వెళ్ళింది.

"ఎవులు సేసినారిది?"

"కోసింది నేను సార్" అన్నారు అప్పన్నగారు ముందుకొచ్చి. నా పేరు చెప్పలేదు మహానుభావుడు. చెప్పక్కర్లేదు కూడా, చెప్పడానికి తిజోరీ ఉంది కదా. సార్ అప్పన్నగారి కేబిన్లోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. వెనకాల సిన్హాగారు, ఆయన వెనకాల షాపంతా. సార్ ఆ ఫైలు చరిత్ర తెరిచి పైకే చదవడం మొదలుపెట్టారు, పాత డ్రాఫ్ట్స్‌మన్ అలవాటు.

"డి రివిజను. కారణం: కస్టమరు కోరిక. ఈ రివిజను, సుగుణ. కారణం: సార్ మీసం." గొంతు సవరించుకున్నారు. "ఎఫ్ రివిజను, సుగుణ, ఈరోజు తొమ్మిదీ నలభై. కారణం: మీసం తీసివేత. జి, సుగుణ, తొమ్మిదీ యాభై ఐదు. కారణం: మీసం పోవడం లేదు. హెచ్, సుగుణ, పదీ పది. కారణం: దేవుడా."

సిన్హాగారికి ఎవరో మంచినీళ్ళిచ్చారు.

కథలో మంచి ముక్క ఏమిటంటే, ఆయన రెండు గంటలదాకా ఆగడానికి ఒప్పుకున్నారు. అప్పన్నగారు అన్న మాట ప్రకారం డి రివిజన్ నలభై కోసి ఇచ్చారు, అన్నీ పాసయ్యాయి. వెళ్తూ వెళ్తూ సిన్హాగారు ఒక మీసం ముక్క అడిగారు, కాగితాల మీద బరువుకి పెట్టుకుంటారట. మా సార్ ఇవ్వలేదు.

నాలుగింటికి కేబిన్లోకి పిలుపొచ్చింది. బల్ల మీద ఒక పక్క నా కన్‌ఫర్మేషన్ కాగితం, ఇంకో పక్క మీసం ముక్క. సార్ ముక్క వైపు వేలు చూపించారు.

"నా మీసం సూత్తే అంత నవ్వొత్తాదేటమ్మా మీకు?"

అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ నెమ్మదితనానికి నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నన్ను ఇంటర్వ్యూలో తీసుకున్నదే ఆయన. ఆడపిల్ల షాపులో ఏం పనిచేస్తుందని పైవాళ్ళు అంటే, "సేత్తాది, నేను సూసుకుంటాను" అన్న మనిషి. సిగ్గుతో చచ్చిపోయాను.

"క్షమించండి సార్. బుద్ధి గడ్డి తిని చేశాను. ఉద్యోగంలోంచి తీసేసినా నోరెత్తను" అని వెక్కుతూ చెప్పాను.

"తప్పు ఫైలు రిలీజవడంలో ఆ పాస్‌వర్డు రాసిచ్చిన నా తప్పూ ఉన్నాది. దానికి నిన్నేటనను. నా బాద అది కాదు." సొరుగులోంచి వెర్నియర్ కాలిపర్ తీశారు. ముక్కని నా ముందుకి తోశారు. "ఇది సూడు. ఎడమ మీసం కొలు."

కళ్ళు తుడుచుకుని కొలిచాను. "నలభై రెండు మిల్లీమీటర్లు సార్."

"కుడి?"

"ముప్పై ఎనిమిది."

"నాలుగు తేడా! నాలుగు!" అప్పుడు లేచింది ఆయన గొంతు. కుర్చీలోంచి ముందుకి వంగి, మొహం నా ముందు పెట్టారు. "రోజూ పొద్దున్న అద్దం ముందు అరగంట నిలబడతాను నేను. రెండు పక్కలా సమానం. కొలుసుకో!"

"సార్, వద్దు సార్..."

"కొలవమన్నానా!"

కొలిచాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, మా మేనేజరుగారి మీసాన్ని వెర్నియర్ పెట్టి కొలిచాను. ఎడమ కుడి చుక్క తేడా లేదు.

"సూసినావా? సగం గీసి మిర్రర్ కమాండు కొడితే రెండోది దానంతటదే వత్తాది గదా. సెయ్యి పెట్టి రెండు పక్కలా గీసేదెవులు? మొగం గీసినందుకు కాదు, కొలత తప్పినందుకు నీకు మూడు నెలలు పొడిగిత్తన్నాను. పో."

పొడిగింపు ఉత్తరంలో ఆ కారణమే రాశారు: "కుడి ఎడమల సమానత పాటించనందున." మా నాన్న దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు.

"ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివావు. కుడి ఏదో, ఎడమ ఏదో తెలియదటే నీకు?"

ఏమని చెప్పను! తెలియదని ఒప్పుకున్నాను. మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్ళేముందు గంటసేపు బ్యాంకు పుస్తకం చదవాలని శిక్ష పడింది. మూడు నెలల తర్వాత మా సార్ సంతకం పెట్టేదాకా చదివాను, వడ్డీ లెక్కలన్నీ వచ్చేశాయి.

కాబట్టి చదువరులారా, వెర్నియర్ సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. నా పై అధికారుల మీసాలు ఈ జన్మలో ఇక గీయను. ఖర్మ కాలి గీయవలసి వస్తే, సగమే గీసి మిర్రర్ కొడతాను.